నాన్న చెయ్యి వదిలేసిన రోజు

జరగని సంఘటనను మనిషి బుర్రలో జ్ఞాపకంగా నాటవచ్చా? యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ గారి పరిశోధన అది. వచ్చినవాళ్లకు మాత్రం "చిన్ననాటి జ్ఞాపకాల మీద అధ్యయనం" అనే చెప్పేవారు. ఇంట్లోవాళ్ల చేత మూడు నిజమైన సంఘటనలు రాయించుకుని, వాటిలో ఒక అబద్ధం కలిపి, వారానికోసారి అడిగేవారు. నలభై మందీ పూర్తయ్యాకే అసలు సంగతి విప్పి చెప్పాలి. ఈలోగా ఎక్కడా పొక్కకూడదు.

ఆ అడిగే పని కొత్తగా చేరిన సహాయకురాలిది. పదిహేడో మనిషిగా ఒక టైలరు వచ్చాడు. సంఘటనలు రాసిచ్చి, వాటిలో ఒక అబద్ధం కలపడానికి ఒప్పుకుని సంతకం పెట్టింది అతని అక్క. అతని వంతుకు వచ్చిన అబద్ధం: ఐదేళ్లప్పుడు రైల్వే స్టేషన్లో నాన్న అతణ్ణి మరిచిపోయి వెళ్లిపోయాడు.

"మా నాన్నా? చంక దిగనిచ్చేవాడే కాదండీ!" అని మొదటి వారం నవ్వేశాడు. రెండో వారం ఆలోచనలో పడ్డాడు. మూడో వారానికి బెంచీ రంగుతో సహా చెప్పాడు.

"ఆయన మరిచిపోలేదమ్మా, వదిలేశాడు. మా అమ్మతో గొడవపడి నన్ను వదిలించుకుందామనుకున్నాడు."

ఆ మాట తాము కలిపిన అబద్ధంలో లేదు. సహాయకురాలి కలం ఆగిపోయింది. అయినా నిబంధన ప్రకారం "ఇంకేమైనా గుర్తొస్తోందా?" అని అడిగింది. అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు రోజులకు టైలరు అక్క ఆయాసపడుతూ విభాగానికి వచ్చింది.

"వాడు అమ్మను నిలదీశాడమ్మా. తెలిసీ దాచావు, నువ్వూ తల్లివేనా అన్నాడు. ఆవిడ తిండి మానేసి కూర్చుంది. ఏదో ఆటనుకుని సంతకం పెట్టాను. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

సహాయకురాలు ప్రొఫెసర్ గది తలుపు తట్టింది.

"మూడు వారాలు ఓపిక పట్టమను" అన్నారావిడ తలెత్తకుండా.

"అతను నలిగిపోతున్నాడు మేడమ్."

"అది మన ఫలితం. నువ్వు నోరు జారావో, మూడేళ్ల పని గంగలో కలుస్తుంది. నీకూ ఇక్కడ చోటుండదు."

సహాయకురాలు మెట్లు దిగి నేరుగా టైలరు దుకాణానికి నడిచింది. అతను గుడ్డ కత్తిరిస్తున్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పేసింది. స్టేషన్ అబద్ధం, నాన్న వదిలెయ్యడం అబద్ధం, రాసింది మేమే అని.

కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది.

"మరి ఆ బెంచీ నాకు కనబడుతోందే!"

"మీరు కల్పించుకున్నారు మాస్టారూ. కల్పించుకునేలా మేం చేశాం."

"మా అమ్మను నేనన్న మాటలు? అవీ మీ పరిశోధనేనా?" లేచి ఆమెకు ఎదురుగా వచ్చాడు. చేతిలో కత్తెర ఉన్న సంగతి అతనికి తెలియదు. ఆమె కదల్లేదు. "పోయినవాడు లేచొచ్చి కాదని చెప్పలేడనేగా మా నాన్నను పట్టుకున్నారు?"

అబద్ధాన్ని ఎంచిన రోజు ప్రొఫెసర్ గారన్నది దాదాపు అదే మాట. దాన్ని నోట్సులో రాసుకున్నది తనే.

అతను కత్తెర బల్లమీద విసిరేసి, పట్టపగలే షట్టరు దించి, తల్లి దగ్గరకు పరుగెత్తాడు.

మర్నాడు ఆమె జరిగిందంతా రాసి, పరిశోధనల్లో మంచిచెడ్డలు చూసే యూనివర్సిటీ నైతిక సంఘానికి ఇచ్చింది. పరిశోధన ఆగింది. వచ్చినవాళ్లందరినీ వారంలోగా పిలిచి నిజం చెప్పారు. వాళ్లలో ఇంకో ముగ్గురు ఇళ్లలో తగాదాలు పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది. ప్రొఫెసర్ గారు ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. నెలాఖరుకు సహాయకురాలి ఉద్యోగం పోయింది.

కొన్నాళ్లకు టైలరు ఫోన్ చేశాడు.

"అమ్మ మాట్లాడుతోంది. అక్కతో నేనే మాట్లాడట్లేదు. మీకెందుకు చేశానో నాకే తెలియట్లేదు."

"తిట్టాలనుంటే తిట్టండి మాస్టారూ."

తిట్టాడు. ఆపకుండా పావుగంట తిట్టాడు. ఆమె ఫోన్ పెట్టెయ్యకుండా చివరిదాకా విన్నది.