ఒకటి చాలు బావా

వంతెన కొట్టుకుపోయిన వరదకు మరుసటి ఏడు ఇది జరిగింది. ఆ వరదలో మా పంపుహౌసు మునిగింది. మళ్లీ బాగుచేసినప్పుడు మోటార్ల పక్కన గోడకు ఒక కంప్యూటరు పెట్టె బిగించారు. ఇక ఇద్దరు మనుషులు అక్కర్లేదన్నారు. ఉన్నది నేనూ, మా బావమరిదీ. ఆ పెట్టెకు పని చెప్పడం ఎవరికి వస్తే వాళ్లుంటారు, రెండోవాళ్లు ఊరి బయట గోడౌనుకు కాపలా పోవాలి అన్నాడు ఇంజనీరు.

మోటార్ల మోత వినపడకపోతే నాకు పగలు గడవదు. కానీ నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. బావమరిది పదో తరగతి తప్పాడు.

"తప్పినా పది పదే బావా! ఇద్దరం కలిసే నేర్చుకుందాం. ఎవడికి పోయినా ఏడవకూడదు."

"నువ్వే ఏడుస్తావురా."

"నేనేడిస్తే మా అక్క నిన్ను ఊరుకుంటుందా?"

వాడి కూతురు కాలేజీలో ఇదే చదువుతోంది. సాయంత్రాలు వాళ్ల వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరిచి మమ్మల్ని చెరో పక్కన కూర్చోబెట్టేది. ఇంగ్లీషు అక్షరాలు నేను బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాను. ఎక్కడ తప్పినా తెర మీద ఎర్ర గీత పడేది.

"అలిగింది మామయ్యా. వరస చివర గుర్తు పెట్టలేదు మీరు."

"మీ అత్తకంటే నయం. ఎందుకలిగిందో చెబుతోంది."

పిల్ల పడీపడీ నవ్వింది. కంప్యూటరుకు తగిలించిన చిన్న బల్బు మొదటిసారి నేను చెప్పినట్టు వెలిగిన రోజు ఇంటికొచ్చి మాట్లాడకుండా అన్నం తిన్నాను. అయినా మా ఆవిడ, ఎందుకంత మురిసిపోతున్నారు అంది.

ఇంజనీరు మా ఇద్దరికీ పెడతానన్న పరీక్ష దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నాకు డ్యూటీ పడి పాఠానికి వెళ్లలేకపోయాను. మర్నాడు డ్యూటీ మారేటప్పుడు బావమరిదిని అడిగాను.

"నిన్న ఏం చెప్పిందిరా పాప?"

"నీళ్లు నాలుగో గీత దాకా వచ్చాయా అని చూడటం. నీళ్లు అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, నాలుగు వెయ్యి. అంతే."

"గుర్తు ఒకటేనా? ఎక్కడో రెండు చూసినట్టుందే."

"ఒకటి చాలు బావా. రెండోది సోకుకి."

సరేనన్నాను.

పరీక్షకు ఇంజనీరు లోపల గీతలు గీసిన ఒక బకెట్ పెట్టించాడు. మోటారు బదులు బల్బు. బావమరిది రాసింది ఎక్కిస్తే, నీళ్లు నాలుగో గీతను తాకగానే వెలిగింది. నాది ఎక్కించారు. ఖాళీ బకెట్‌కే వెలిగింది. నీళ్లు పోసినా వెలిగే ఉంది, ఒంపేసినా వెలిగే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. బావమరిది కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

ఇంజనీరు తెర చూశాడు. "పెద్దాయనా, గుర్తు రెండుసార్లు పెడితే అడిగినట్టు, ఒక్కసారి పెడితే చెప్పినట్టు. నీళ్లెంత అని మీరు దాన్ని అడగలేదు. నాలుగు అని మీరే చెప్పేశారు. పాపం, అది నమ్మింది."

పంపుహౌసు బావమరిదికిచ్చారు.

ఆ సాయంత్రం పిల్ల మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "రెండు పెట్టాలని మీకు చెప్పమన్నానే నాన్నకి! ఒకటి పెడితే ఖాళీ బకెట్‌కి కూడా వెలుగుతుందని చేసి చూపించాను కూడా మామయ్యా. అది చూసి నాన్న ఎంత నవ్వారో."

లోపల మా ఆవిడ కూర తరుగుతున్న చప్పుడు ఆగింది. ఎంతైనా ఆమెకు తోడబుట్టినవాడు.

"చెప్పాడమ్మా. నేనే మరిచిపోయాను" అన్నాను.

కత్తిపీట మళ్లీ కదిలింది. పిల్ల నా వైపు చూసి తల దించుకుంది.

మర్నాడు పొద్దున్నే తాళాలు అప్పగించడానికి వెళ్లాను. బావమరిది మోటార్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"రా బావా! గోడౌనులో నీకు హాయిలే, నీడపట్టున కూర్చోవడమేగా" అన్నాడు.

తాళాలగుత్తి బల్ల మీద పెట్టాను.

"రెండో మోటారు బేరింగు వేడెక్కుతోంది. చూసుకోండి" అన్నాను.

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. "నన్ను అండీ అంటావేంటి బావా?"

సైకిలు స్టాండు తీసి గోడౌను దారి పట్టాను. గేటు దాటేదాకా వెనక నుంచి బావా, బావా అని పిలుస్తూనే ఉన్నాడు.