చిట్టెమ్మ నేసిన దుప్పటి

బుచ్చిరాజు గిడ్డంగిలో, నేతగాళ్లంతా చూస్తుండగా, పాపాయి నేసిన దుప్పటిని నేల మీద పడేసి చెప్పుకాలితో అంచు తొక్కిపట్టాడు. "ఇది కాళ్లు తుడుచుకోడానిక్కూడా పనికిరాదు" అన్నాడు. తర్వాత చిట్టెమ్మ దుప్పటి తీసి అందరి ముందూ విప్పాడు.

"నేత అంటే ఇదీ. చూసి సిగ్గు తెచ్చుకోండి."

నిడదవోలు పక్కనున్న ఆ ఊళ్లో నూలిచ్చేదీ ఆయనే, బట్ట కొనేదీ ఆయనే. రొయ్యల చెరువుల్లో కలిసొచ్చాక ఈ వ్యాపారంలోకి దిగాడు. చిట్టెమ్మకి మేలైన నూలూ, మిగతా వీధికి ముట్టుకుంటే తెగే నూలూ ఇవ్వడం ఆయన పద్ధతి. అయినా పాపాయి కోపం రాజు మీదికి పోలేదు. ఎదురింట్లో చిట్టెమ్మ మగ్గం మీదికి పోయింది.

ఆ మగ్గం చప్పుడు వింటే చాలు, ఆమెకి కడుపు మండేది. చిట్టెమ్మ దుప్పటి నిజంగానే బావుండేది. అదే అసలు బాధ. ఉతికేకొద్దీ మెత్తబడేది. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఒంటిని అంటుకుని ఉండేది. తన కూతురి పురిటికి ఎవరో ఆ దుప్పటే తెస్తే, పసిగుడ్డు అందులో హాయిగా నిద్రపోతుంటే చూసి పాపాయి ఓర్వలేకపోయింది.

నేతగాళ్ల సంఘం పెట్టాలని తిరుగుతున్న జ్ఞానప్రకాశం చర్చి అరుగు మీద మీటింగు పెట్టాడు. నూలు అందరికీ ఒకటే ఇమ్మని అడుగుదామన్నాడు. పాపాయి లేచి, ముందు చిట్టెమ్మని వీధిలోంచి వెలెయ్యమంది. చేతకానోళ్ల సంఘంలో తనకేం పనని చిట్టెమ్మ విసురుగా వెళ్లిపోయింది. మీటింగు తిట్లతో ముగిసింది. రాజుకి కావలసిందీ అదే.

ఆ వేసవిలో వీధికి నూలు రావడం తగ్గింది. బట్ట అమ్ముడుపోవడం లేదన్నాడు రాజు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చిట్టెమ్మది మాత్రం ఆడుతూనే ఉంది. ఆ దుప్పట్లు కొంటున్నదెవరో కళ్లారా చూడందే ఉండలేక పాపాయి బస్సెక్కి రాజమండ్రిలో బుచ్చిరాజు కొట్టుకి వెళ్లింది.

గుమ్మంలో వేలాడుతున్నది చిట్టెమ్మ దుప్పటే. వచ్చిన ఆడవాళ్లు దాన్ని తడిమి, బుగ్గకి ఆనించుకుని, ఇదే కావాలంటున్నారు. గుమాస్తా లోపల్నించి మడతపెట్టిన దుప్పట్లు తెచ్చి కట్టిస్తున్నాడు. అవే గళ్లు, అదే అంచు, పైన చేనేత ముద్ర. పాపాయి ఒకటి పట్టుకు చూసింది. వేళ్లకి జీవం లేనట్టు తగిలింది. మరమగ్గం బట్ట!

ముందు సంతోషమేసింది. చిట్టెమ్మ పని కూడా అయిపోయిందనుకుంది. బస్సు గోదావరి వంతెన దాటుతుంటే ఆ సంతోషం నిలవలేదు. ఈ బట్ట దొరికాకే రాజు వీధికి నూలు ఆపాడని అప్పుడు తట్టింది.

బస్సు దిగి తిన్నగా ఎదురింటికెళ్లింది. చిట్టెమ్మ మనసుకి గుచ్చుకోవాలనే అంతా చెప్పింది. చిట్టెమ్మ పోగు నడిపే నాడెని మగ్గం మీద పెట్టేసింది.

"నన్ను ఎరగా పెట్టాడన్నమాట," అంది చివరికి. "మీరంతా కుళ్లుకుంటుంటే నాకు బావుండేది పాపాయీ. అందుకే ఆయన్ని ఏమీ అడగలేదు."

"నేనూ అంతే వదినా. నిన్ను తిట్టుకోవడంలో పడి ఆయన్ని వదిలేశాను."

ఆ సాయంత్రం జ్ఞానప్రకాశం మళ్లీ పెట్టిన మీటింగులో ఇద్దరూ లేచారు. ముందెవరు చెప్పాలని అక్కడా కీచులాడుకున్నారు. కానీ ఈసారి వీధంతా చెవులొగ్గి విన్నది.

రాజు గిడ్డంగికి మరమగ్గం బట్టతో లారీ వచ్చిన ఉదయం ఆడా మగా రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. రాజు కబురు మీద పోలీసులు దిగారు. లారీ ముందున్న చిట్టెమ్మని ఎస్సై రెక్క పట్టుకుని జీపెక్కించాడు. చిట్టెమ్మని వదలాలని జనం గొంతు చించుకున్నారు. ఎవరి నోట విన్నా ఆమె పేరే. పాపాయికి పాత మంట మళ్లీ రేగింది. దొంగబట్టని కనిపెట్టింది తనైతే పేరు ఆవిడకా?

వెళ్లి జీపుకి అడ్డం నిలబడింది.

"ఎస్సైగారండీ, కొట్టుకెళ్లి చూసొచ్చింది నేను. ఆవిడ నా తర్వాతేనండి. నన్నెక్కించండి."

"తప్పుకో."

"తప్పుకోనండి."

జీపులో చిట్టెమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. పాపాయి ఎక్కింది. ఆమె వెనక ఆమె మొగుడు చిట్టియ్య, అతని వెనక జ్ఞానప్రకాశం ఎక్కబోయారు. జీపు చాల్లేదు. మిగిలిన వీధంతా జీపు ముందూ వెనకా నడిచింది. దారిలో పక్క ఊళ్ల నేతగాళ్లు మగ్గాలు దిగి కలిశారు. లారీ సరుకు దించకుండానే వెనక్కి తిరిగింది.

స్టేషన్లో రైటరు కలం తీసి, ముందు ఎవరి పేరు రాయాలని అడిగాడు.

"నాది," అంది పాపాయి.

"మాది" అన్నారు, బయట రోడ్డు నిండా ఉన్నవాళ్లు.