ఇన్స్పెక్టరు గారి లంగరు

టీచరమ్మకు కావలసింది ఒక్కటే. రేవులో నిలబడితే ఎదురుగా కనిపించే ఆ చిన్న దీవి మీద కాలు పెట్టాలి, దాని నడినెత్తిన ఉన్న గుట్ట ఎక్కాలి, అక్కడ నిలబడి గుండ్రంగా తిరుగుతూ నాలుగు వైపులా నీళ్ళు చూడాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నల్లబల్ల మీద సుద్దముక్కతో దీవులు గీసి, "చుట్టూ నీళ్ళున్న నేలని ద్వీపం అంటారు, రాసుకోండి" అని పిల్లల చేత రాయించి రాయించి రిటైరైన మనిషి. తాను మాత్రం ఒక్క దీవి మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. ఇదేమన్నా గొంతెమ్మ కోరికా? మీరే చెప్పండి. దీవి ఎదురుగా ఉంది. పడవేమో సొంతానికి ఉంది.

పడవ సొంతానికి ఉండటంతోనే వచ్చింది చిక్కంతా. ఆవిడ భర్త లిఫ్టుల ఇన్స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో ఒక పాత తెరచాప పడవ కొన్నారు. అందులో ఇంజనుంది, ఇద్దరు పడుకునేంత గది ఉంది, టీ కాచుకునే పొయ్యి కూడా ఉంది. "నిన్ను దీవికి తీసుకెళ్ళేది నేనేనోయ్" అని ఆ రోజే మాటిచ్చారు. టీచరమ్మ పొంగిపోయింది. మర్నాడు ఆయన పడవతో పాటు వచ్చిన లంగరును అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచారు.

"దీని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి తెలుసు? రేవులో అయితే తాళ్ళతో కట్టేస్తాం. దీవి దగ్గర గట్టూ లేదు, గుంజా లేదు. అక్కడ పడవని పట్టుకునే దిక్కు లంగరొక్కటే. అది జారిందా, పడవ రాళ్ళ పాలు, మనం దేవుడి పాలు. ముందు నమ్మకమైన లంగరు. తర్వాతే దీవి."

సబబుగానే ఉందనిపించింది ఆవిడకు. వారంలో తేలుతుందనుకుంది పిచ్చితల్లి.

తేలడానికి అదేమన్నా ఒక్కరి బుర్రా? రోజూ సాయంత్రం వాళ్ళ ముందుగదిలో సభ తీరేది. పక్క పడవ గల పళ్ళ డాక్టరు గారు వచ్చేవారు. ఆయన పడవ రేవు దాటిన దాఖలా లేదు. మధ్యాహ్నం భోజనం చేశాక అందులో కునుకు తీసేవారు, అంతే. టీచరమ్మ తమ్ముడు వచ్చేవాడు. అతనికి బాత్రూము సామాన్ల కొట్టుంది. పడవ లేదు గానీ అభిప్రాయాలకు కొదవ లేదు. ముగ్గురూ కలిసి తమకు లంగరు సంఘమని పేరు పెట్టుకున్నారు. టీలు అందించేది మాత్రం టీచరమ్మ.

లంగర్లలో నాగలి రకం ఉంది, పంజా రకం ఉంది, పార రకం ఉంది. డాక్టరుగారిది నాగలి పక్షం. "ఇన్స్పెక్టరు గారూ, జీవితమంతా గట్టిగా పట్టుకున్నవాటిని పీకినవాణ్ణి. ఏది ఊడుతుందో ఏది ఊడదో నన్నడగండి" అనేవారు. తమ్ముడిది పంజా పక్షం. ఎందుకంటే చెప్పలేడు, చూడ్డానికి బాగుంటుందంటాడు. ఇన్స్పెక్టరు గారిది ఏ పక్షమూ కాదు. ఆయన అన్ని రకాలనూ పరీక్షిస్తారు.

ఒకనాడు టీచరమ్మ పిండి కలుపుదామని డబ్బా మూత తీస్తే లోపల దారం కట్టిన ఫోర్కు కనిపించింది.

"ఏవండీ, పిండిలో ఈ ఫోర్కేంటి?"

"అది ఫోర్కు కాదోయ్. పంజా రకం. పిండి ఇసక అనుకో."

"మరి ఈ గరిటె?"

"పార రకం. ముట్టుకోకు, ఇంకా లాగి చూడలేదు."

ఆ పూట వాళ్ళింట్లో బ్రెడ్డుతో సరిపెట్టుకున్నారు. సంఘం మాత్రం ఆ బ్రెడ్డు నములుతూనే, అడుగున బురద ఉంటే గరిటె గతేమిటని వాదించుకుంది.

ప్రతి ఆదివారం ముందు ఆవిడ అడిగేది, ఈ వారమైనా వెళ్దామా అని. "రకం తేలనీ" అనేవారాయన. రకం కొంచెం తేలితే "బరువు తేలనీ" అనేవారు. బరువు దగ్గర డాక్టరుగారు అలిగి నాలుగు రోజులు రాకపోతే, "ఆయన రానీ" అనేవారు. ఒకసారి విసుగెత్తి, "పోనీ చేపల పడవవాళ్ళని అడిగి వెళ్ళొస్తానండీ" అంటే, "సొంత పడవ పెట్టుకుని పరాయి పడవెక్కుతావా? నా పరువేం కాను?" అని ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. ఆయన్ని మళ్ళీ మామూలు మనిషిని చేయడానికి ఆవిడకు తాతలు దిగొచ్చారు. ఇలా మీనమేషాలు లెక్కించడంలో మూడేళ్ళు గడిచాయి.

ఈలోగా టీచరమ్మ కుడి మోకాలు పాడైంది. మొదట్లో కలుక్కుమనేది. తర్వాత మెట్ల దగ్గర నిలేసేది. ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి, ఆపరేషన్ తప్పదని రోజు ఖాయం చేశాడు. ఆ తర్వాత నెలల తరబడి ఊతకర్ర. పడవలూ గుట్టలూ మళ్ళీ ఎప్పుడో, అసలు కుదురుతుందో లేదో ఆయన చెప్పలేనన్నాడు.

ఆవిడ ఆసుపత్రి నుంచి తిన్నగా ముందుగదిలోకి వచ్చింది. సంఘం నిండుగా కొలువై ఉంది. గొలుసు కడియం మందం మీద చర్చ.

"అందరూ ఒక్కసారి నోళ్ళు మూయండి" అంది. తరగతి గదిలో వాడి వాడి పదునెక్కిన గొంతు అది. డాక్టరుగారు కప్పు కింద పెట్టేశారు. "వచ్చే ఆదివారం నేను దీవికి వెళ్తున్నాను. మీ లంగరు వస్తే వస్తుంది. లేదంటే చేపల పడవవాళ్ళ కాళ్ళు పట్టుకునైనా పోతాను. తర్వాత మీరు ఎంత అలిగినా నేను బతిమాలను."

"అక్కా, అంత తొందరపడితే..." అని తమ్ముడు అందుకోబోయాడు.

"నువ్వు నోరెత్తావంటే టీ బంద్."

ఇంకేముంది, సంఘం ఆగమేఘాల మీద కదిలింది. పడవ సామాన్ల కొట్టుకు వెళ్ళారు. కొట్టు యజమాని డాక్టరుగారితో "నాగలికి తిరుగులేదు సార్" అన్నాడు, తమ్ముడితో "పంజా అంటే పంజానే" అన్నాడు, ఇన్స్పెక్టరు గారితో "మీలా ఆలోచించేవాళ్ళు ఏరీ సార్" అన్నాడు. రేపు లంగరు జారితే నింద ఎవరి మీద పడాలి? ముగ్గురికీ అదే బెంగ. ఆఖరికి ఎవరినీ ఎవరూ వేలెత్తి చూపలేని ఉపాయం దొరికింది. ఆ కొట్లో అన్నిటికంటే పెద్ద లంగరు తీసుకున్నారు. పార రకం. వీళ్ళ పడవకు రెండింతలుండే పడవల కోసం చేసింది. దాన్ని ఎక్కించాక పడవ ముక్కు కాస్త కిందికి వంగింది.

ఇక ఇన్స్పెక్టరు గారి పరీక్ష మొదలైంది. ఆయన పని తీరు ఉద్యోగంలో ఎలాగో ఇంట్లోనూ అలాగే. లిఫ్టు దగ్గర తాడు బిగించేది ఫిట్టరు, మేకు కొట్టేది ఫిట్టరు. బిగించి "చూడండి సార్" అంటే ఇన్స్పెక్టరు చూస్తాడు, తడతాడు, సీలు వేస్తాడు. స్పానరు పట్టుకున్నాడంటే అతను ఇన్స్పెక్టరే కాడు. ఆ లెక్కన ఆయన లంగరును చూశారు. గొలుసును ముందుగదిలో పాములా పరిపించి, ఒక్కో కడియాన్నీ భూతద్దంతో చూసి, చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి విన్నారు. లంగరుకూ గొలుసుకూ మధ్య కొక్కెం చూశారు. అన్నీ అయ్యాక లంగరు మెడలో పచ్చ బిళ్ళ వేలాడదీశారు. టీచరమ్మకు ఆ బిళ్ళ చూస్తే నిజంగానే ధైర్యం వచ్చింది.

ఆదివారం పొద్దున్న, ఒడ్డుకు చేరడానికి ఒక చిన్న రబ్బరు పడవను వెనక కట్టుకుని నలుగురూ బయల్దేరారు. గాలి సాయం చేసింది. రేవు వెనకబడుతుంటే టీచరమ్మ చిన్నపిల్లయిపోయింది. ముందుకు వంగి కూర్చుని, నీటి తుంపర మొహాన పడుతుంటే కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. మోకాలు పోట్లు పొడుస్తున్నా ఎవరికీ చెప్పలేదు. దీవి దగ్గరకొచ్చేకొద్దీ పెద్దదైంది, గుట్ట మీద గడ్డి కనిపించింది, తెల్లని ఇసక కనిపించింది. అబ్బ, ఎంత బాగుందో అనుకుంది. నల్లబల్ల మీద ఇన్నేళ్ళూ గీసిందాంట్లో గడ్డి ఎప్పుడూ లేదు.

తెరచాప దించి, ఇంజను మీద మెల్లగా దీవి పక్కకు చేరారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసక తేటగా కనిపిస్తోంది. ఇన్స్పెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మన మూడేళ్ళ కృషి..." అని మొదలుపెట్టబోతే, "ముందు వేయండి మహానుభావా" అంది టీచరమ్మ. ఆయన చెయ్యి ఊపారు. తమ్ముడు వదిలాడు.

లంగరు దబ్బుమని పడింది. దాని వెనక గొలుసు గలగలా గలగలా పోయింది. ఎంత హాయిగా పోయిందంటే డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. పోయింది, పోయింది, పోతూనే ఉంది. ఆఖరి కడియం పడవ అంచు మీద ఒక్కసారి టంగుమని, అదీ నీళ్ళలోకి పోయింది.

నలుగురూ వంగి చూశారు. అడుగున ఇసకలోకి లంగరు పిడి దాకా దిగిపోయి, పచ్చ బిళ్ళతో సహా ఠీవిగా ఉంది. గొలుసు దాని పక్కనే వయ్యారంగా పడుంది. పడవ మాత్రం తన దారిన తాను జరుగుతోంది.

"ఏం పట్టు! చూశారా, పార రకం దెబ్బ!" అన్నారు డాక్టరుగారు అప్రయత్నంగా.

"గొలుసు రెండో కొస పడవకి కట్టలేదా?" అంది టీచరమ్మ.

"బావగారు పరీక్ష చేశారుగా, కట్టే ఉంటుందనుకున్నా" అన్నాడు తమ్ముడు. "నేను గొలుసుని పెట్టెలో పోశానంతే."

"నాది సలహా వరకే" అని డాక్టరుగారు చేతులు దులుపుకున్నారు.

ఇన్స్పెక్టరు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా రూలు రూలే కదా. "కట్టడం నా పని కాదు. కట్టి చూపిస్తే చూస్తాను. ఆ కొస ఎవరూ నాకు చూపించలేదు" అన్నారు. అని, గొంతు పెంచి, "తిప్పు, ఇంటికి తిప్పు! లంగరు లేకుండా ఇక్కడ ఒక్క క్షణం ఉండకూడదు. ఇంకోటి చూద్దాం. ఈసారి గొలుసు సంగతి కూడా సంఘంలో పెట్టి..."

టీచరమ్మ దీవి వైపు తిరిగింది. ఒడ్డు చూస్తే రాయి విసిరితే తగిలేంత దగ్గర.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంజను నడుస్తోందా?"

"నడుస్తోందక్కా."

"చుక్కాని తిరుగుతోందా?"

"ఆఁ, తిరుగుతోంది."

"అయితే నువ్వూ డాక్టరుగారూ పడవని ఇక్కడే గుండ్రంగా తిప్పుతూ ఉండండి. మేమిద్దరం రబ్బరు పడవలో ఒడ్డుకి పోతాం. పనయ్యాక వచ్చి ఎక్కుతాం. దీనికి లంగరెందుకు?"

ముగ్గురు మగవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజమే, ఎందుకూ? ఆ ముక్క నోట్లోంచి ఊడిపడ్డాకే టీచరమ్మకూ తట్టింది. మొదటి ఆదివారమే ఇలా వచ్చి ఉండొచ్చు. రెండో ఆదివారం రావచ్చు. మోకాలు బంగారంలా ఉన్న రోజుల్లో ఏ ఆదివారమైనా రావచ్చు. అలాంటిది పిండిలో ఫోర్కులు లాక్కుంటూ కూర్చున్నారు, టీలు కాచి పోస్తూ తాను కూర్చుంది. ఆయన మీద కోపం, సంఘం మీద కోపం, అన్నిటికంటే తన మీద తనకే ఒళ్ళుమంట.

రబ్బరు పడవలోకి ఎలాగో దించారు ఆవిడని. ఇన్స్పెక్టరు గారు తెడ్లు వేస్తే అది ఉన్నచోటే బొంగరంలా తిరిగింది. ఆవిడ తెడ్లు లాక్కుని తానే వేసింది. పాడైంది మోకాలే, చేతులకేం, దుక్కల్లా ఉన్నాయి.

ఇసక మీద కాలు పెట్టినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుట్ట వైపు నడిచింది. ఎత్తు మొదలయ్యే దగ్గర మోకాలు కలుక్కుమంది. పళ్ళ బిగువున ఇంకో అడుగు వేసింది, కూలబడింది. ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి నడిపించి, రబ్బరు పడవ అంచు మీద కూర్చోబెట్టారు. పడవ సగం ఇసకలో, సగం నీళ్ళలో ఉంది.

"మూడేళ్ళ కింద పరిగెత్తుకుంటూ ఎక్కేదాన్నండీ" అంది.

ఆయన తల దించుకున్నారు. "నేను ఎక్కి చూసి చెప్పనా?" అన్నారు.

ఆ మాట మనసారా అన్నారు పాపం. సాయం చేయడానికి చూసిరావడం తప్ప ఆయనకింకేం తెలుసు? ఆయన గబగబా ఎక్కిపోయారు. నడినెత్తిన నిలబడి గుండ్రంగా తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచారు.

"నాలుగు వైపులా నీళ్ళేనోయ్! నేను చూశాను!"

కింద టీచరమ్మకు ఒకవైపు నీళ్ళే కనిపిస్తున్నాయి. తాను జన్మంతా చూడాలనుకున్నది ఆయన చూస్తున్నారు. అదీ రిపోర్టు ఇవ్వడానికి!

"అటువైపు ఇంకా బాగుంది!" పైనుంచి అరుపులు ఆగలేదు. "రాళ్ళు లేవు! అడుగు బురదలా ఉంది! అక్కడైతే పార రకం పనికిరాదు, డాక్టరు చెప్పిన నాగలి రకమే..."

టీచరమ్మ మంచి కాలితో ఇసకను ఒక్క తన్ను తన్నింది. రబ్బరు పడవ నీళ్ళలోకి జారింది. రెండు కాళ్ళూ లోపలికి లాక్కుని, తెడ్లు అందుకుంది.

పైన అరుపు ఆగింది. "ఏమోయ్! ఎక్కడికి?"

"దీవి చుట్టూ తిరిగొస్తాను! అన్ని వైపుల నీళ్ళూ నేనే చూసుకుంటాను!"

"మరి నేనో?"

"మీరక్కడే ఉండండి! కదలకుండా ఉండటం మీకు అలవాటేగా!"

ఆయన ఇంకేదో అన్నారు, గాలికి వినిపించలేదు. ఆవిడ తెడ్లు బలంగా వేసింది. మలుపు తిరగగానే ఆయన కనిపించకుండా పోయారు, రేవు కూడా కనిపించకుండా పోయింది. ఎదురుగా ఇప్పటిదాకా ఎన్నడూ చూడని రెండో వైపు నీళ్ళు మొదలయ్యాయి.