బాదమాకుల నీళ్లు

బావ పోయి, దినాలు ముగిసిన వారానికే అక్క ఇల్లు ఖాళీ చేయించి, సామాను అమ్మేసి, ఆవిణ్ణి మా ఇంటికి తెచ్చేశాను. మంచి పనే చేశాననుకున్నాను.

నాది రంగుచేపల కొట్టు. చేపకు నలతగా ఉంటే నాకు అన్నం సహించదని మా ఆవిడ దెప్పుతుంది. ఈమధ్య అడవి ఏటిలో పట్టిన చేపలు కొన్ని వచ్చాయి. వాటి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. ఇంట్లో వెనకగదిలో, బాదమాకులు నానేసి టీ రంగుకు తిరిగిన నీళ్లలో మందు కలిపి, తొట్టి మీద గుడ్డ కప్పి వాటిని కాపాడుకొస్తున్నాను.

ఇవాళ కొట్టు నుంచి వచ్చేసరికి తొట్టి తళతళా మెరుస్తోంది. ఆ టీ రంగు నీళ్లు పారబోసి, గాజు తోమి, అక్క కుళాయి నీళ్లు నింపింది. చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

"నిన్నెవరు ముట్టుకోమన్నారక్కా?" ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఏటి నీళ్లలో పుట్టిన ప్రాణాలవి! కొత్త నీళ్లు సన్నగొట్టంతో చుక్కచుక్కగా కలుపుతూ మెల్లగా అలవాటు చెయ్యాలి. ఒక్కసారిగా మార్చేస్తే బతుకుతాయా?"

"మురికనుకున్నానురా. ఊరికే తిని కూర్చుంటే ఏం బాగుంటుందని..."

అక్క ఒక్కో చేపనూ నీళ్లలోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. వాటికేసే చూస్తూ, గొంతు పెంచకుండా అడిగింది.

"ఇంత తెలిసినవాడివి, మరి నన్నెందుకురా ఒక్క పూటలో తెచ్చేశావు?"