ఇంట్లో లేరు

చచ్చిపోయి ఎనిమిది నెలలైన మా ఆయన మొన్న శుక్రవారం సాయంత్రం ఇంట్లో లేడట. ఆ సంగతి నాకు చర్చి సంఘపెద్ద కోటు జేబులోంచి తెలిసింది.

నాది లాండ్రీ దుకాణం. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. ఇరవై రెండేళ్ళుగా నా పద్ధతి ఒక్కటే. బట్ట నీళ్ళలో పడే ముందు ప్రతి జేబూ తిరగేస్తాను. దొరికినదాన్ని కవరులో పెట్టి, బట్ట నంబరే దానికీ వేసి, పిన్ను కొడతాను. తాళాలు దొరికాయి, ప్రేమలేఖలు దొరికాయి, ఒకసారి కట్టుడు పన్ను కూడా దొరికింది. చదవడం నా పని కాదు. కానీ గులాబీ రంగు అట్టముక్క మీద సొంత మొగుడి పేరు కనిపిస్తే చదవకుండా పక్కన పెట్టేంత మంచిదాన్ని కాను నేను.

కోటు తెచ్చింది పెద్దాయన కొత్త కోడలు. పాపం, ఆ పిల్లకు నేనెవరో తెలియదు. తెలిస్తే వాళ్ళింటి చేతిరుమాలు కూడా నా దుకాణానికి వచ్చేది కాదు.

ఆ కార్డు సంగతి నాకు తెలుసు. మా ఆయనే ఒకప్పుడు అలాంటివి జేబులో వేసుకుని తిరిగేవాడు. వరసగా నాలుగు ఆదివారాలు చర్చికి రాని మనిషి పేరు మీద ఒక గులాబీ కార్డు పుడుతుంది. శుక్రవారం సాయంత్రం సందర్శన కమిటీవాళ్ళు ఆ కార్డులు పంచుకుని, తలుపులు తట్టి, మనిషి ఎలా ఉన్నాడో గడిలో రాసి సంతకం పెడతారు. శనివారం పొద్దున కూర్చుని ఎవరు ఎన్ని గడపలు తొక్కారో లెక్కేస్తారు. ఏడాది చివర ఎక్కువ గడపలు తొక్కినవాళ్ళకి షీల్డు ఇస్తారు. పెద్దాయన ఇంట్లో అవి వరసగా మూడున్నాయని విన్నాను.

మా ఆయన కార్డులో గళ్ళన్నీ నిండిపోయి, వెనక ఇంకో కాగితం అంటించారు. ప్రతి గడిలో అదే ముక్క. "ఇంట్లో లేరు. ప్రార్థించాలి." కింద పెద్దాయన సంతకం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఇల్లే నా దుకాణం. పొద్దున ఏడింటి నుంచి రాత్రి తొమ్మిదింటిదాకా తలుపు బార్లా తీసే ఉంటుంది. ఈ మూడేళ్ళలో ఆ మనిషి నీడ కూడా నా గడప మీద పడలేదు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. తాగేవాడు. దాచడం ఎందుకు, బాగానే తాగేవాడు. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆ వాసనతోనే చర్చికి వెళ్ళాడు. ఈ పెద్దాయనే పాట మధ్యలో లేచొచ్చి, అందరూ చూస్తుండగా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. "బాగుపడ్డాక రా," అన్నాడట. మా ఆయన నేరుగా ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టుకోలేదు. వణికాడు, వాంతులు చేసుకున్నాడు, గోడకేసి తల కొట్టుకున్నాడు, కానీ ముట్టుకోలేదు. బాగుపడ్డాడు. ఆ మాట చెబుదామంటే వచ్చి అడిగిన మనిషే లేడు.

"నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా," అని నేను వందసార్లు అన్నాను.

"బయటికి పంపినవాళ్ళు వచ్చి పిలవాలే. అది వాళ్ళ పని. వస్తారు చూడు, శుక్రవారం వస్తారు," అనేవాడు.

ప్రతి శుక్రవారం డ్యూటీ దిగగానే స్నానం చేసి, నా చేత చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకునేవాడు. పక్కన, వచ్చేవాళ్ళ కోసం, ఇంకో కుర్చీ. ఆ రెండో కుర్చీని చూస్తే నా ఒళ్ళు మండేది. నేను వాళ్ళ సంఘం మనిషిని కాను, ఎప్పుడూ వెళ్ళినదాన్ని కాను. మా ఇంట్లో దేవుడి సంగతి ఆయనది, బట్టల సంగతి నాది. కాలేయం పాడై మంచాన పడ్డాక కూడా శుక్రవారం వస్తే చొక్కా మార్చమనేవాడు. మంచం పక్కనే ఆ కుర్చీ.

కోటు వచ్చిన రోజు సరిగ్గా శనివారమే, వాళ్ళు లెక్కలేసుకునే రోజు. దుకాణం తలుపు దించేసి, కోటు భుజాన వేసుకుని, కార్డు చేత్తో పట్టుకుని చర్చి పక్కగదికి వెళ్ళాను. పొడుగాటి బల్ల, బల్ల మీద టీ కప్పులు, గులాబీ కార్డుల దొంతర. పెద్దాయన, ఏడాది క్రితం వచ్చిన కుర్ర పాస్టరు మాత్రమే మిగిలారు.

పెద్దాయన నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, వెంటనే నవ్వు తగిలించుకున్నాడు. "రా చెల్లెమ్మా, కూర్చో. తమ్ముడెలా ఉన్నాడు? వారం వారం వస్తూనే ఉన్నాను, దొరకడం లేదు."

"దొరక్కపోవడమేం అన్నగారూ! మున్సిపాలిటీ సమాధుల తోటకు వెళ్ళండి. వెనక గోడ పక్క వరసలో నాలుగోది. ఎప్పుడు వెళ్ళినా ఉంటాడు. ఎక్కడికీ కదలడు."

పెద్దాయన నవ్వు జారిపోయింది. పాస్టరు చేతిలో కప్పు బల్ల మీద పెట్టబోయి అంచున పెట్టాడు. అది కిందపడి పగిలింది. ఎవరూ వంగి తీయలేదు.

"ఎప్పుడు?" అన్నాడు పెద్దాయన.

"ఎనిమిది నెలలైంది. మీరు నిన్న సాయంత్రం కూడా వచ్చారటగా మా ఇంటికి! ఏ తలుపు తట్టారు? పీనుగ తలుపు తీయలేదని రాసుకున్నారా?"

పాస్టరు ముఖం పాలిపోయింది. "అమ్మా, ప్రతి ఆదివారం ఆయన పేరు చదివి అందరం ప్రార్థిస్తున్నాం. తాగుడు మాని, తిరిగి రావాలని..."

"మానేశాడు బాబూ! మీరు గెంటిన రోజే మానేశాడు! రెండేళ్ళపైన కాళ్ళూ చేతులూ కడుక్కుని మీకోసం కూర్చున్నాడు. తప్పిపోయిన గొర్రె అంటూ పాటలు పాడతారుగా, మా ఆయన గొర్రె కాదు, బస్సు డ్రైవరు. ఆయన ఎక్కడికీ తప్పిపోలేదు. రెండు స్టాపుల అవతల ఉన్నాడు. నా దగ్గర ఎవరైనా చొక్కా మర్చిపోతే నెల చూసి, ఫోన్ చేసి, అప్పటికీ రాకపోతే అడ్రసు పట్టుకుని నేనే వెళ్ళి ఇచ్చొస్తాను. ముష్టి చొక్కా! మీరు మనిషిని మర్చిపోయారు!"

పెద్దాయన కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"మొదట్లో రెండుసార్లు బయల్దేరాను," అన్నాడు. "మీ వీధి మలుపు దాకా వచ్చాను. ముఖం చెల్లలేదు. బయటికి పంపింది నేనే కదా. తిట్టి పంపిస్తాడనుకున్నాను. వెనక్కి తిరిగి ఇంట్లో లేరని రాశాను. తర్వాత... రాయడం అలవాటైపోయింది."

"రెండో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు తిడతాడా!"

పాస్టరు మెల్లగా అన్నాడు, "ఒక్క కబురు పెట్టాల్సిందమ్మా. నేనైనా పరుగెత్తుకు వచ్చేవాణ్ణి."

ఆ అబ్బాయి మంచికే అన్నాడు. కానీ ఆ మాట నన్ను కోసేసింది. చివరి వారంలో మా ఆయన ఈ పెద్దాయన కోసమే అడిగాడు. "అన్నకి ఒక్క కబురు పెట్టవే," అన్నాడు. "వాళ్ళకి కాళ్ళు లేవా? నేను వెళ్ళి దేబిరించాలా?" అని కసిరాను. మళ్ళీ అడగలేదు. మూడో రోజుకి లేడు. పోయాక కూడా పంతం కొద్దీ వీళ్ళకి చెప్పలేదు. డిపోవాళ్ళే మోసుకెళ్ళి పాతిపెట్టారు, ప్రార్థన చేసేవాడు లేడు. ఇదంతా ఆ గదిలో ఒప్పుకోవడానికి నా నోరు రాలేదు. బదులుగా కార్డు విసిరి పెద్దాయన ముందు పడేశాను.

"మా ఆయన పేరు ఇక తప్పిపోయినవాళ్ళలో ఉండటానికి వీల్లేదు. ఆఖరి గడిలో రాయండి. 'ఇంట్లోనే ఉన్నాడు. మేమే వెళ్ళలేదు.' రాసి రేపు అందరి ముందూ చదవండి."

రాశాడు. అక్షరాలు వంకర పోయాయి గానీ రాశాడు. పాస్టరు ఆ కార్డు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రేపు నేనే చదువుతాను," అన్నాడు.

నా పని అయిపోయింది. తిరిగి వచ్చేయాల్సింది. కోటు బల్ల మీద పడేస్తుంటే దొంతరలో పై కార్డు కంటపడింది. నర్సమ్మ పేరు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, మా వెనక వీధిలో రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. గళ్ళ నిండా అదే సంతకం, అదే ముక్క.

"ఈవిడ కూడా ఇంట్లో లేదా?" అన్నాను. "మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా మెట్లు దిగని మనిషండీ! గురువారం గురువారం నేనే దుప్పట్లు ఇచ్చొస్తాను. నడవలేని మనిషి ఎక్కడికి షికారుకెళ్ళింది?"

పెద్దాయన ఆ కార్డు తీసి బోర్లా పెట్టాడు.

"లేవండి," అన్నాను.

"ఇప్పుడా?"

"ఈవిడ కూడా నాలుగో నంబరు పక్కకి చేరాక వెళ్దామా?"

లేచాడు. నా వెనకే మా వెనక వీధిదాకా నడిచాడు. రెండంతస్తుల మెట్లు రొప్పుకుంటూ ఎక్కాడు. నేనే తలుపు తట్టాను. చేతికర్ర టకటకమంటూ వచ్చి, తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"నువ్వా? ఇవాళ గురువారం కాదే," అన్న నర్సమ్మ నా వెనక చూసింది. కళ్ళు చిన్నవయ్యాయి. "ఈ మహానుభావుణ్ణి ఎందుకు మోసుకొచ్చావు?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సిస్టరు గారూ, రెండేళ్ళుగా మీ కార్డు నా దగ్గరే ఉంది. ఇంట్లో లేరని రాస్తూ వచ్చాను. నేను రాలేదు. అబద్ధం రాశాను."

"ఓహో. అయితే నేను ఇంట్లో లేను. ఇవాళ కూడా అదే రాసుకో, పో."

తలుపు ఢామ్మని మూసుకుంది. గడియ పడిన చప్పుడు కూడా వినిపించింది.

పెద్దాయన తల దించుకుని మెట్లకేసి తిరిగాడు.

"ఆగండి!" అన్నాను. "మా ఆయన తలుపు తీసుకుని కూర్చుంటే రాలేదు. ఈవిడ మూసుకుంటే పోతారా? కూర్చోండి."

నేను పై మెట్టు మీద చతికిలపడ్డాను. ఆయన రెండు మెట్లు కింద కూర్చున్నాడు. ఎదురింటి వాళ్ళు తొంగిచూసి వెళ్ళిపోయారు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా దుకాణంలో నానబెట్టిన బట్టలు అలాగే ఉన్నాయి. చివరికి లోపలి నుంచి కర్ర చప్పుడు మళ్ళీ వచ్చింది. తలుపు అవతల ఆగింది.

"ఎంతసేపు కూర్చుంటారు అక్కడ?" అంది నర్సమ్మ, గడియ తీయకుండానే.

నేను నోరు తెరవబోయాను. ఈసారి పెద్దాయనే ముందు అన్నాడు.

"మీరు తీసేదాకా, సిస్టరు గారూ."

ఈ ఒక్క మాట కోసం మా ఆయన నూటికి పైగా శుక్రవారాలు చొక్కా మార్చుకున్నాడు. ఒక్క కబురు పెట్టి ఉంటే అది ఆయన చెవిన పడేది, నేను పెట్టలేదు. ఆ మెట్టు మీదే, పరాయి మనిషి ముందు, సిగ్గూ ఎగ్గూ లేకుండా బావురుమన్నాను.

నా ఏడుపు విని నర్సమ్మ గడియ తీసింది.