రాజమండ్రి పెట్టె, విజయనగరం పెట్టె

నేను ఒక నల్ల పెట్టెను. లోపల రెండు డిస్కులు, వెనక చిన్న ఫ్యాను, ముందు మూడు దీపాలు. రాజమండ్రిలో సీతాపతిగారింట్లో టీవీ పక్కన నా కాపురం. ఆ ఇంట్లో ఎవరు ఫోనుతో ఏ ఫొటో తీసినా దాని ప్రతి ఒకటి నా కడుపులో చేరుతుంది.

ఏ దేశంలో పుట్టానో నాకు తెలియదు గానీ, ఊపిరి పోసింది మాత్రం సీతాపతిగారి బావమరిది భుజంగరావు. విజయనగరంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో అతని ఉద్యోగం. ఒకేరోజు రెండు పెట్టెలు కొని, ఒకటి తనింట్లో పెట్టుకుని, నన్ను అక్కగారింటికి తెచ్చాడు.

"బావగారూ, మీ సరుకంతా ఇందులో ఉంటుంది. దాని నకలు రోజూ మా పెట్టెలోకి వస్తుంది. మాది మీ పెట్టెలోకి వెళ్తుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది" అని వివరించాడు.

సీతాపతిగారు తలూపారు. అర్థమై కాదు, చెప్పింది బావమరిది కాబట్టి. ఆయన భార్య హైమావతమ్మ నాకు బొట్టు పెట్టబోయి ఫ్యాను కన్నంలో కుంకుమ ఒలకబోసింది. తుమ్మే యోగం ఉంటే వారం రోజులు తుమ్మేవాణ్ణి.

సీతాపతిగారు ఒకప్పుడు నాటకాలు వేసేవారు. వేసినవాటిలో పదిహేడు వీడియో క్యాసెట్లలో మిగిలాయి. అవన్నీ నాలోకి ఎక్కించాక, ఇంకెందుకని క్యాసెట్లు పారేశారు. రోజూ ఒకటి పెట్టుకుని, తన డైలాగు వచ్చేసరికి తెరమీది మనిషి కంటే ముందే తను చెప్పేసేవారు. నాకు ఆయనంటే ఇష్టం పుట్టింది అక్కడే.

ఇంతలో భుజంగరావు కూతురి పెళ్ళి కుదిరింది. శుభలేఖలో అందరి పేర్లూ ఉన్నాయి, బావగారిది లేదు. అచ్చులో జారిపోయింది. "ఇంటి పెద్దల్లుణ్ణి, నేనే కనపడలేదా?" అని ఈయన పెళ్ళికి వెళ్ళలేదు, భార్యనీ వెళ్ళనివ్వలేదు. అతనికీ ఒళ్ళు మండింది. ఏణ్ణర్ధం పాటు రెండిళ్ళకీ మాటల్లేవు.

ఆ సంగతి మా పెట్టెలకి ఎవరూ చెప్పలేదు. మేం మామూలుగానే రోజూ ఇచ్చిపుచ్చుకున్నాం. పెళ్ళి ఫొటోలు నాలుగు వేలు వచ్చి నాలో కూర్చున్నాయి. భర్త బజారుకెళ్ళినప్పుడల్లా హైమావతమ్మ ఒక్కొక్కటే తీసి చూసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

మొన్న శ్రావణంలో గాలివానకి కరెంటు పోయింది. వచ్చేటప్పుడు ఎంత జోరుగా వచ్చిందంటే నా డిస్కులు రెండూ మాడిపోయాయి. "పెట్టె బతికింది గానీ, లోపలిది ఒక్క ముక్క కూడా రాదండి" అన్నాడు రిపేరు షాపతను. సీతాపతిగారు కుర్చీలో కూలబడ్డారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"తమ్ముడి దగ్గర నకలుందిగా, అడగండి" అంది హైమావతమ్మ.

"వాడెప్పుడో పీకేసుంటాడే. నేనైతే పీకేద్దును."

"మీకు పీకడం రాక ఊరుకున్నారు."

మూడోనాడు గొంతు సవరించుకుని ఫోను చేశారు. "నేనయ్యా, సీతాపతిని. నా నాటకాలు నీ దగ్గర ఏవైనా మిగిలాయా?"

"ఒక్కటీ పోలేదు బావగారూ. నెట్టులో పంపితే పదిరోజులు పడుతుంది. పెట్టె పట్టుకుని నేనే వస్తాను."

రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. నాకు కొత్త డిస్కులు వేసి, మా ఇద్దరికీ మధ్య వైరు కలిపాడు.

"పెళ్ళికి రాకపోవడం తప్పేనయ్యా" అన్నారు సీతాపతిగారు, వైరు వంక చూస్తూ.

"అచ్చుకి ముందు చూసుకోకపోవడం నా తప్పు బావగారూ. ఇది ఎక్కగానే బయల్దేరతాను."

మర్నాడు మధ్యాహ్నం, అతను స్నానానికి వెళ్ళినప్పుడు, నా దీపం పచ్చగా మారింది. పదిహేడు నాటకాలూ వచ్చేశాయి, పెళ్ళి ఫొటోలతో సహా. ఆ పచ్చదీపం అర్థం హైమావతమ్మకి బాగా తెలుసు. దండెం మీంచి దిండు గలీబు ఒకటి లాగి నా మొహాన కప్పేసింది.

"అయిపోయిందా అక్కా?" అంటూ వచ్చాడు భుజంగరావు.

"ఎక్కడరా! ఇంకా సగం కూడా కాలేదు. రేపు చూద్దాం. రాత్రికి కంద బచ్చలి చేస్తున్నా."

"అవునయ్యా, పెద్ద పెద్ద నాటకాలు కదా" అన్నారు సీతాపతిగారు. దీపం మారడం ఆయనా చూశారు.

పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్న భుజంగరావు ఆ గలీబు వంక ఒకసారి చూశాడు. ఎత్తలేదు. సంచీలో సర్దేసిన లుంగీ మళ్ళీ బయటికి తీశాడు.