కాలర్ మీద గీత

ఆ పిల్లకి క్లాసులో ఇస్త్రీపెట్టె అని పేరు. తల్లికి ఇస్త్రీ కొట్టు ఉంది కదా అని ఎవరో వెటకారానికి పెట్టారు గానీ, ముక్కు మీద కోపం ఉన్న పిల్ల కావడంతో ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఇంగ్లీషు ప్రీఫైనల్ పేపర్లు చేతికొచ్చిన రోజున మాత్రం నిజంగానే ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది.

ముప్పయ్యైదు వస్తే పాసు. తనకి ఇరవైతొమ్మిది వచ్చాయి. పది మార్కుల పొయెమ్ ప్రశ్నకి పేజీన్నర నిండా రాస్తే, చివర ఎర్ర ఇంకుతో సున్నా పెట్టి ఉంది. అందులో ఆరు వేసినా గట్టెక్కేది. ఆ బడిలో ప్రీఫైనల్ తప్పినవాళ్ళకి హాల్ టికెట్ ఇవ్వరు. గేటు పక్కన బోర్డు మీద ఏటా నూటికి నూరు అని రాసుకోవాలంటే తప్పేవాళ్ళని ముందే ఏరి పక్కన పడెయ్యాలి మరి. హాల్ టికెట్ లేదంటే ఏడాది గంగలో కలిసినట్టే. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే కోర్సులో చేరాలని ఆ పిల్ల రెండేళ్ళుగా కలలు కంటోంది. అదీ పోయినట్టే.

ఆ పొయెమ్ ఎంతో లేదు, పన్నెండు లైన్లు. ఒకావిడ రోజూ సాయంత్రం ఒక నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తుంది. మర్నాడు సాయంత్రం ఆ చొక్కానే దించి మళ్ళీ ఇస్త్రీ చేస్తుంది. అంతే. గైడులో దానికి పొందికైన జవాబు ఉంది. ఆవిడ అదృష్టవంతురాలైన ఇల్లాలు, పెట్టె వేడి ఆమె ప్రేమకు గుర్తు, భర్త ప్రతి సాయంత్రం ఇంటికి వస్తాడు, ఆ చొక్కా వేసుకుని గర్వంగా తిరుగుతాడు, ఆ ఇంట్లో ఏ లోటూ లేదు, కవి చల్లని సంసారాన్ని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు మేడమ్ దాన్ని కామాలు, ఫుల్‌స్టాప్‌లతో సహా చెప్పి రాయించింది. నలభై ఒక్కమంది దాన్నే దించేసి ఎనిమిదీ తొమ్మిదీ తెచ్చుకున్నారు. చిలకలు నయం, అప్పుడప్పుడూ సొంతంగా అరుస్తాయి.

ఈ పిల్ల మాత్రం పొయెమ్ చదివింది. చదవడమే ఆమె చేసిన నేరం. ఆరేళ్ళ వయసు నుంచీ తల్లి పక్కన నిలబడి బట్టలు మడిచిన పిల్లకి ఆ పన్నెండు లైన్లలో ఉతకడం అన్న మాటే లేకపోవడం కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. అదే రాసింది. మనిషి వేసుకున్న చొక్కాకి మూడు గుర్తులుంటాయి. కాలర్ మీద చెమట గీత, మోచేతుల దగ్గర ముడతలు, జేబులో పెన్ను మరక. ఈ చొక్కాకి ఒక్కటీ లేదు. కాబట్టి దాన్ని ఎవరూ వేసుకోవడం లేదు. ఆ ఇంట్లో మగమనిషి లేడు, పోయాడో వెళ్ళిపోయాడో. ఆవిడ ఆ సంగతి ఒప్పుకోలేక రోజూ పెట్టె వేడి చేస్తోంది. వచ్చీరాని ఇంగ్లీషే గానీ, రాసింది ఇదే.

పేపరు పట్టుకుని మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో తప్పేంటి మేడమ్?"

మేడమ్ పేపరు వైపు చూడలేదు. "గైడులో ఉందా ఇది?"

"పొయెమ్‌లో ఉంది."

"పొయెమ్‌లో నీకు కనబడింది. చక్కటి ఇంటిని పట్టుకుని మొగుడు లేడని రాస్తావా? అన్నీ మీ కొట్టు తెలివితేటలే." వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మేడమ్ గొంతు తగ్గించింది. "ఫైనల్లో దిద్దేవాళ్ళ చేతిలో కూడా ఈ గైడే ఉంటుందమ్మా. నేను జాలిపడి వేస్తే అక్కడ మునుగుతావు. ఎల్లుండి గైడు జవాబు రాసుకొచ్చి క్లాసు ముందు చదువు. పదీ వేస్తాను, హాల్ టికెట్ తీసుకో."

ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది. సున్నా వేసినందుకు కాదు. చదవకుండా వేసిందని. పేజీన్నర రాస్తే గైడుతో మొదటి లైను కలవలేదని తిరగేసి పారేసిందని.

సాయంత్రం కొట్టుకి వచ్చి సంచీ విసిరికొట్టింది. తల్లి పెట్టె పక్కన పెట్టి, "ఎవరి మీదే ఆ విసురు?" అంది. తల్లికి ఇంగ్లీషు రాదు. పిల్ల ఆ పొయెమ్‌ని లైను లైనుగా తెలుగులో చెప్పింది.

తల్లి విని, "ఉతకడం ఎక్కడా లేదా అందులో?" అంది.

"లేదు."

"అయితే ఆ చొక్కా ఎవడేసుకుంటున్నాడే? పాపం."

ఒక్క నిమిషం కూడా పట్టలేదు ఆవిడకి. పిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. "అదే రాశానమ్మా. అదే రాస్తే సున్నా వేసింది."

తల్లి చూపు అరలో ఆకుపచ్చ దారం కట్టిన మూట మీదికి వెళ్ళి, చటుక్కున వెనక్కి వచ్చింది. పిల్ల ఆ చూపు వెంటే వెళ్ళింది. అది మేడమ్ మూట. ఉతుకుకీ ఇస్త్రీకీ వారం వారం వస్తుంది. రెండు జతలు మేడమ్‌వి, నాలుగు చొక్కాలు వాళ్ళాయనవి. పిల్ల వెళ్ళి మూట విప్పింది. చొక్కాలు నాలుగూ తల్లి మడతలోనే ఉన్నాయి. చేతులు వెనక్కి పెట్టి, కింది అంచు రెండుసార్లు మడిచే ఆ మడత ఈ వీధిలో ఇంకెవరూ వెయ్యరు. పోయిన వారం ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర. కట్టెయ్ ఆ మూట."

"నీకు తెలుసా?"

"తెలిస్తే? జేబుల్లో ఉత్తరాలు దొరుకుతాయి, చొక్కాల మీద నానా మరకలూ కనబడతాయి. మన కంట పడింది మన నోట రాకూడదు. నాకు ఈ పని నేర్పినప్పుడు మా అత్త మొదట చెప్పిన మాట అదే, పెట్టె పట్టుకోవడం ఆ తర్వాత. ఆవిడ స్టాఫ్‌రూములో ఆయన టూర్లో ఉన్నాడని చెప్పుకుంటోందట. చెప్పుకోనీ."

"నన్ను నలుగురి ముందూ కొట్టు తెలివితేటలంది."

"అననీ. ఒట్టెయ్."

పిల్ల పళ్ళు కొరుకుతూ ఒట్టేసింది.

రెండు రోజులు ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క వాక్యం అంటే చాలు, మేడమ్ మళ్ళీ తలెత్తలేదు. ఇంత ఆయుధం చేతిలో పెట్టి, వాడొద్దని ఒట్టేయించుకున్న తల్లి మీద కూడా పీకలదాకా కోపం వచ్చింది.

చెప్పిన రోజు రానే వచ్చింది. పిల్ల క్లాసు ముందు నిలబడి గైడు జవాబు చదవడం మొదలుపెట్టింది. ఆవిడ అదృష్టవంతురాలైన ఇల్లాలు. పెట్టె వేడి ఆమె ప్రేమకు గుర్తు. అక్కడ కాగితం మీంచి కళ్ళెత్తి మేడమ్ వైపే చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. ఆమె భర్త ప్రతి సాయంత్రం ఇంటికి వస్తాడు. ఆ చొక్కా వేసుకుని గర్వంగా తిరుగుతాడు.

మేడమ్ చేతిలోని ఎర్ర పెన్ను ఆగిపోయింది. "చాలు, కూర్చో."

"ఇంకా రెండు వాక్యాలున్నాయి మేడమ్."

"చాలన్నాను."

"మీరే మొత్తం చదవమన్నారు మేడమ్." అని చదివేసింది. వాళ్ళది చల్లని సంసారం. ఆ ఇంట్లో ఏ లోటూ లేదు.

క్లాసుకి ఏమీ అర్థం కాలేదు. మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పదికి పది వేసి, తలెత్తకుండా హాల్ టికెట్ బల్ల అంచుకి తోసింది. పిల్ల తీసుకుంది. ఒట్టు తప్పలేదు, ఒక్క మాట సొంతంగా అనలేదు. అయినా గెలిచినట్టు అనిపించలేదు. నిజం రాస్తే సున్నా, అబద్ధం చదివితే పదికి పది. ఆ పది చూస్తే సున్నాని చూసినప్పటికంటే ఎక్కువ అసహ్యం వేసింది.

శనివారం మేడమ్ మూట తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తల్లి దారం విప్పి, మొదటి చొక్కా దులిపి, అలాగే నిలబడిపోయింది.

ఈసారి చొక్కాలు తల్లి మడతలో లేవు. మోచేతుల దగ్గర గట్టిగా నలిపి ఉన్నాయి. కాలర్ మీద మట్టిరంగు గీత ఉంది.

"లోపల ఉండాలి గీత," అంది తల్లి నెమ్మదిగా. "మెడ తగిలేది లోపలే కదా. ఇది పైన పూసింది."

పిల్ల ఆ చొక్కా లాక్కుని జేబు తిరగేసింది. అడుగున పెన్ను మరక ఉంది. ఎర్రటి మరక. మిగతా మూడూ చూసింది. నాలుగింటికీ గీత, ముడతలు, ఎర్ర మరక.

కాలర్, మోచేతులు, జేబు. తను రాసిన మూడు గుర్తులూ ఉన్నాయి, ఒక్కటీ వదలకుండా.

"చదివిందమ్మా," అంది. అదీ కోపంగానే. "చదవకుండా వేసిందనుకున్నాను. అక్షరం అక్షరం చదివింది. చదివి, నిజమని తెలిసి, సున్నా వేసింది."

తల్లి తడిగుడ్డ తీసుకుని కాలర్ మీది గీతని తుడవబోయి ఆగింది. కాసేపు చూసి, గుడ్డ పక్కన పెట్టేసింది.

"దాన్ని అలాగే ఉంచెయ్, వేసుకున్నాడనే చెప్పుకోనీ," అంది. "పెట్టె వేడెక్కింది, ముందు కాలర్ చెయ్యి."